కంప అడ్డం పెట్టిన ఇళ్ళు

మా ఊరు ఏ జిల్లా అని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరం సంగతి అడుగుతున్నారో ముందు చెప్పమంటాను. నేను పుట్టినప్పటి నుంచి ఇల్లు మారలేదు, బడి దగ్గరి మలుపు మారలేదు, జిల్లా మాత్రం మారింది. చిన్నప్పుడు మాది చిత్తూరు జిల్లా, ఆఫీసు పనులన్నీ పుంగనూరులో. జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె ఒక జిల్లాలోకీ పుంగనూరు ఇంకొక జిల్లాలోకీ పోయాయి. మా ఊరు పుంగనూరు మండలానికి చిట్టచివర, వంక ఇవతలి ఒడ్డున ఉండిపోయింది. వంక దాటితే మదనపల్లె మండలం. మా టమాటాలు పోయేది మదనపల్లె మార్కెట్‌కు. మా పిల్లలు చదివేదీ, జ్వరమొస్తే మేము పరిగెత్తేదీ అక్కడికే. ఒక సంతకం కావాలంటే మాత్రం వెనక్కి తిరిగి పుంగనూరు పోవాలి. అందుకే మా ఊరిని మదనపల్లెలో కలపమని టెంటు వేసి కూర్చున్నాం. ఆ టెంటులో మైకు పట్టుకున్నది ఎక్కువగా నేనే.

మా ఊరికి వెనకాల, పుంగనూరు వైపు, గుట్ట కింద ఒక చిన్న పల్లె ఉంది. గొర్రెలు మేపుకునే కుటుంబాలవాళ్ళది. ఇరవై లోపు ఇళ్ళు, రెండు వరసలు. లెక్కల్లో అది మా ఊరికి చెందినదే. ఆ పల్లె గురించి ఇప్పుడు మా వైపు ఒక మాట తిరుగుతోంది. సర్కారు ఆఫీసరు చూడడానికి వచ్చిన రోజు, పల్లెలో కాపలాగా ఉన్న ముసలామె ఇక్కడ ఎవరూ ఉండరని చెప్పిందట, అందువల్లే పల్లె పేరు కొట్టేశారట. ఈ మాట టీ కొట్లో విన్నాను, పెళ్ళిలో విన్నాను, మా ఇంటి అరుగు మీదే విన్నాను. ఆమె ఆ మాట అనలేదు. అన్నది నేను. ఇన్నాళ్ళూ విని ఊరుకున్నదీ నేనే.

అసలు సంగతి అర్థం కావాలంటే ఆ పల్లె పద్ధతి ఒకటి తెలియాలి. రాగి కోతలయ్యాక మా వైపు మేత ఉండదు. అప్పుడు వాళ్ళు పిల్లాజెల్లాతో మందలు తోలుకుని కుప్పం వైపు దిగుతారు. అక్కడి రైతుల పొలాల్లో రాత్రిపూట మంద కడతారు, ఎరువుకు బదులుగా రైతులు గింజలు కొలుస్తారు. తొలకరి వాన పడ్డాక తిరిగి వస్తారు. పోయేటప్పుడు ఇంటికి తాళం వెయ్యరు. తలుపుకు అడ్డంగా ఒక తుమ్మకంప పెడతారు, అంతే. పల్లె మొత్తానికి ఒక మనిషి మాత్రం వెనక ఉంటుంది. పొద్దున్నే ప్రతి వాకిలీ చిమ్మి, ప్రతి గడప ముందూ ముగ్గు పెట్టడం ఆమె పని. కంప పెట్టిన ఇంటి ముందు ముగ్గు ఉందంటే ఆ ఇంటి మనుషులు వస్తారని. చాలా ఏళ్ళుగా ఆ పని చేసింది ఈ అవ్వే. ముందు ఆమె అత్త చేసేదట.

కంప అడ్డం పెట్టిన ఇల్లు ఖాళీ ఇల్లు కాదని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. నా తప్పు అక్కడే మొదలైంది. ఇంతమందికి తెలిసిన సంగతి ఆఫీసుకూ తెలిసే ఉంటుంది, నేను ఏదో ఒకటి అన్నా కాగితం మీద సరిగానే పడుతుంది అనుకున్నాను. ఇలా అనుకున్నానని ఇప్పుడు చెప్పుకుంటున్నాను. ఆ రోజు నిజంగా ఇంత ఆలోచించానో లేదో నాకే నమ్మకం లేదు.

ఆ రోజు వచ్చిన ఆఫీసరు కోస్తా వైపు మనిషి, కుర్రవాడు, ఈ ఎండకు అలవాటు లేనివాడు. ఊరంతా ఒక్క మాట మీద ఉంటేనే ఫైలు కదులుతుందని బడి దగ్గర ముందే చెప్పాడు. మా ఊళ్ళో అందరిదీ ఒకే మాట. గుట్ట కింది పల్లెవాళ్ళది వేరు. వాళ్ళ గొర్రెలు అమ్ముకునేది పుంగనూరు సంతలో, మేపుకునే బీడు పుంగనూరు వైపు. మదనపల్లెతో వాళ్ళకు పని లేదు. మందలతో పోయే ముందు వాళ్ళు ఆ సంగతి నాతోనే చెప్పి పోయారు. నువ్వే మాట్లాడతాండావు కదప్పా, మా మాట గూడా ఒకటి చెప్పు అన్నారు. సరే అన్నాను.

జీపు పల్లె మొదట్లో ఆగింది. అక్కడి నుంచి దారి రాళ్ళు, ఎక్కదు. ఆఫీసరు దిగి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. వరసగా తలుపులు, వరసగా కంపలు.

“ఇక్కడ జనం ఉన్నారా?” అన్నాడు.

“లేరు సార్. ఎప్పుడో ఖాళీ చేశారు,” అన్నాను.

ఆ మాట అన్నాకే పై వరస ఇళ్ళ మధ్య నుంచి అవ్వ వస్తూ కనిపించింది. చంకలో బిందె, చేతిలో చీపురు. మమ్మల్ని చూసి నడక పెంచింది. “మరి ఆమె?” అన్నాడు ఆఫీసరు. “పక్క ఊరి మనిషి సార్, కట్టెలకు వచ్చింది,” అన్నాను. ఆయన తల ఊపి జీపెక్కాడు. బండి కదిలాక అవ్వ దగ్గరకొచ్చింది, ఆయాసపడుతూ.

“ఏమంటాడప్పా ఆయప్ప?”

“ఏం లేదవ్వా. ఊరికే సూసిపోను వచ్చినాడు.”

ఆమె దుమ్ము రేపుకుంటూ పోతున్న జీపు వైపు చూసింది, నా వైపు చూసింది. బిందె ఇంకో చంకకు మార్చుకుని వెళ్ళిపోయింది.

మా ఊరు మదనపల్లెలో కలిసింది. బాణసంచా కాల్చాం. నాకు దండ వేశారు. గుట్ట కింది పల్లెను పుంగనూరు వాళ్ళు తమ లెక్కలోంచి తీసేశారు, మదనపల్లె లెక్కలో అది చేరనే లేదు. రెవెన్యూ వాళ్ళు మనుషులుండని ఊరిని బేచిరాక్ అంటారు. ఆ పల్లెకు ఎదురుగా ఆ మాట రాశారు. వాన పడ్డాక మందలు తిరిగొచ్చాయి. కొన్నాళ్ళకు పల్లె బోరు మోటారు కాలిపోయింది. బాగు చేయమని పుంగనూరు పోతే మీరు మా మండలం కాదన్నారు. మదనపల్లె పోతే ఆ పేరుతో ఊరే లేదన్నారు. ఆడవాళ్ళు మా ఊరి కొళాయిల దగ్గరికి బిందెలతో రావడం మొదలుపెట్టారు. కొళాయిల దగ్గర గొడవలు మొదలయ్యాయి. అప్పుడు వాళ్ళు అడిగారు, ఆఫీసరు వచ్చినప్పుడు ఏం జరిగిందని. నన్నే అడిగారు, మా అరుగు ముందు నిలబడి.

“అవ్వ ఉన్నింది కదా ఆ పొద్దు. ఆమెనే అడగండి,” అన్నాను.

నేను చెప్పిన అబద్ధాల్లో ఇదే అన్నిటికంటే చెడ్డది అనుకుంటాను. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు మరి. వాళ్ళు పోయి ఆమెను అడిగారు. ఆమె చెప్పింది నమ్మలేదు. మరుసటి ఏడు మందలు పోయేటప్పుడు, నువ్వు ఉండొద్దులే అన్నారు. ఆమె సంచి సర్దుకుని కుప్పం దగ్గర కూతురింటికి వెళ్ళిపోయింది. కంపలు పెట్టిన తలుపుల ముందు ముగ్గు ఆగిపోయింది. మొన్నటి ఎండాకాలం నేను ఒకసారి అటు పోయాను. వాకిళ్ళలో పల్లేరు మొలిచింది. అప్పటికి అది నేను చెప్పిన మాటలాగే తయారైంది.

ఈ ఏడు మందలు పోయాక మా ఊరి సచివాలయంలో ఒక సంగతి తెలిసింది. జనాభా లెక్కలకు ముందు ఊళ్ళ హద్దులు ఖరారు చేస్తారట. ఒకసారి ఖరారైతే లెక్కలు ముగిసేదాకా ఏ ఊరినీ కలపరు, విడదీయరు, కొత్తగా చేర్చరు. అంతకు ముందు అనుమానమున్న చోట్లు చూడడానికి ఒక ఆఫీసరమ్మ సోమవారం వస్తుంది. నేను లోపలికి పోయి, గుట్ట కింది పల్లెలో మనుషులున్నారని చెప్పాను. అక్కడి సర్వేయరు, ఆ రోజు ఆఫీసరుతో జీపులో ఉన్నవాడే, కంప్యూటరు వైపు చూస్తూనే నవ్వాడు.

“అప్పుడు లేరని మీరే కదా చెప్పింది సార్. ఇప్పుడు ఉన్నారంటే మేడమ్‌కు చూపించండి. మనిషి కనబడాల, ఇల్లు ఇల్లు మాదిరి ఉండాల. మాటలకు రాయరు.”

మందలు కుప్పంలో ఉన్నాయి. ఇప్పుడొచ్చి చూస్తే కంపలే కనిపిస్తాయి, ఈసారి ముగ్గు కూడా లేదు. పైగా రెండు మూడు కుటుంబాలు ఇక తిరిగి రాబోమని అంటున్నట్టు విన్నాను. ఈ సోమవారం దాటితే వాళ్ళు వచ్చినా రాకున్నా ఆఫీసుకు ఒకటే. పల్లె అక్కడితో సరి.

మా పెదనాన్న కొడుకు, నాకు అన్న వరస, ఊళ్ళో పెద్దమనిషి. సంగతి విని మా ఇంటికే వచ్చాడు.

“నీకేమన్నా పిచ్చా? తప్పు చెప్పి కలిపించుకున్నామని తెలిస్తే ఫైలు తిరగదోడతారు. ఊరంతా మళ్ళా పుంగనూరుకే పోతాది. అప్పుడు నీ మైకు యాడ పెట్టుకుంటావో సూస్తా.”

“అట్లని ఆ పల్లెను చంపేస్తామా అన్నా?”

“సంపింది నువ్వు. మమ్మల్ని కలుపుకోవద్దు.”

ఆయన పోయాక నా భార్య కాఫీ గ్లాసులు తీస్తూ, “ఆయప్ప చెప్పిందాంట్లో ఒకటి మాత్రం నిజం,” అంది. ఏదని నేను అడగలేదు. తనే అంది. “పోతే పో. అవ్వ దగ్గర మైకులో మాట్లాడినట్ల మాట్లాడొద్దు. ఆమె నీ మొగాన పేడనీళ్ళు కొట్టినా తుడుచుకోని రా.”

శనివారం పొద్దున బస్సెక్కాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట దాటి కుప్పం. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. పలమనేరు దాకా ఒక రకంగా, వి.కోట దాకా ఒక రకంగా. ఎట్లా మొదలుపెట్టినా మొదటి వాక్యంలో ఆఫీసరు తప్పు వస్తోంది, రెండో వాక్యంలో గాని నా తప్పు రావడం లేదు. ఒకసారి దిగి వెనక్కి పోదామనిపించింది. మా వైపు పోయే బస్సు ఎదురుగా వస్తే దాన్ని కనుమరుగయ్యేదాకా చూశాను.

కూతురిల్లు కుప్పానికి కొంచెం బయట, అడవి అంచున ఉన్న ఊళ్ళో. అవ్వ చావిట్లో కూర్చుని చింతపండు కొడుతోంది. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క.

“ఎవరప్పా?”

“నేనే అవ్వా.”

“నువ్వా.” కట్టె ఆపలేదు. “కూచో. ఆ గోనెపట్ట మీద వద్దు, పండు ఉండాది.”

నేల మీద కూర్చున్నాను. కూతురు చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టి, నేనెవరో తెలుసుకుని, మళ్ళీ లోపలికి పోయింది. కూడబలుక్కున్నదంతా పోయింది.

“అవ్వా, ఆ పొద్దు ఆ ఆఫీసరుకు…”

“తెలుసులేప్పా.”

“ఏం తెలుసు?”

“నువ్వు చెప్పినావని. నేను యింగా దిన్నె దిగనే లేదు, ఆయప్ప బండెక్కినాడు. నేను నోరు తెరిచిందే లేదు, ఇంగ చెప్పిందెవురు?”

“మీవాళ్ళకు ఆ మాట చెప్పలేదా?”

“చెప్పినా. మా మరిది ఏమన్నాడో తెలుసునా? ఆయప్ప సదువుకున్నోడు, టెంటులో కూచోని అందరి కోసరం మాట్లాడినోడు, ఆయప్ప యాల అబద్ధం చెప్తాడు, నువ్వే బెదురుకోని ఏదో అనింటావు అన్నాడు.” రెండు కాయలు పగలగొట్టి గింజలు తీసింది. “నీకు మంచి పేరుండాదప్పా మా పల్లెలో. నాకంటే.”

సోమవారం సంగతి చెప్పాను. ఆమె వస్తేనే పల్లె నిలుస్తుందని, బతిమాలుతున్నానని చెప్పాను.

“నేను రానప్పా.”

“అవ్వా…”

“నన్ను పొమ్మనింది నువ్వు కాదు. మావాళ్ళు. వాళ్ళు రమ్మంటే వస్తా. మంద ఆ చెరుకు తోటల అవతల ఉండాది, పోయి వాళ్ళకు చెప్పు.”

“నువ్వు గూడా రా అవ్వా. నీ ముందరే చెప్తా.”

“నా ముందర వద్దు. నేనుంటే నేనే చెప్పిచ్చినానంటారు.”

కూతురు గడపలో నిలబడి అంది: “పొద్దు దిగకముందే పోయి రాప్పా. రాగి చేన్లకు ఏనుగులు దిగతాండాయి.”

చెరుకు తోటల పక్కన కాలవ గట్టు మీద నడుచుకుంటూ పోయాను. కాలవలో నీళ్ళున్నాయి. ఈ నీళ్ళు చూసి వాళ్ళు తిరిగి రామంటే నేను ఏం చెప్పగలను అనుకున్నాను. కోసిన రాగి పొలంలో వలలు కట్టి మంద దింపి ఉంది. కుక్కలు నా మీదికొచ్చాయి. అవ్వ మరిది, మందకు పెద్ద, మూడు రాళ్ళ పొయ్యి మీద సంగటి కెలుకుతున్నాడు. నన్ను చూసి కుక్కల్ని పిలిచాడు.

“ఏమప్పా, మైకు లేకుండా వచ్చినావే. దోవ తప్పినావా?”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మంచి నవ్వే. నన్ను చూసి నిజంగానే సంతోషపడ్డారు. దానివల్ల నాకు ఇంకా కష్టమైంది. నిలబడే చెప్పాను. ఆఫీసరు ఏమడిగాడో, నేను ఏమన్నానో, అవ్వ దిగి వచ్చేలోపల బండి ఎట్లా కదిలిపోయిందో చెప్పాను. తర్వాత మా అరుగు ముందు వాళ్ళతో నేనన్న మాట కూడా చెప్పాను. ఈసారి నా తప్పు మొదటి వాక్యంలోనే వచ్చింది.

మరిది కట్టెతో సంగటి కెలుకుతూనే ఉన్నాడు, అప్పటికే అది గట్టిపడిపోయింది.

“మా వదిన నోరే తెరవలేదా?”

“తెరిచే పని పెట్టలేదన్నా నేను.”

“ఆమె చేతి సంగటి తిని రెండేండ్లయింది నేను,” అన్నాడు. నాతో అన్నట్టు లేదు. “పండక్కి పిలిచింది. పోలా.”

వాళ్ళలో ఒకడు, ముప్పై ఏళ్ళవాడు, లేచి నా ఎదురుగా వచ్చాడు. కొడతాడనుకున్నాను. “ఇప్పుడేంది, కాళ్ళు పట్టుకుంటావా? మాకు కాళ్ళొద్దు. నీళ్ళు కావల. ఈడ నీళ్ళుండాయి, మేతుండాది. రైతు జాగా గూడా ఇస్తానంటాండాడు. ఊరే లేదన్న ఊరికి మేమెందుకు రావల?”

“సోమవారం లోపల…”

“నువ్వు చెప్పినావనా?”

వీళ్ళు రామంటే, ఆ పల్లె కోసం నేను చేయగలిగింది ఇంకేమీ లేదని అక్కడ, ఆ మడిలో నిలబడి మొదటిసారి అర్థమైంది. అంతకు ముందు దాకా నేను చెబితే సరిపోతుందని లోపల ఎక్కడో అనుకుంటూనే ఉన్నాను.

మరిది సంగటి దించాడు. చేతులు కడుక్కుని, భుజం మీద తువ్వాలు వేసుకుని, “మీరు తినండి” అని వాళ్ళతో చెప్పి గట్టెక్కాడు. నేను వెనక నడిచాను. కూతురింటి చావిట్లోకి పోయి వదిన ఎదురుగా నిలబడ్డాడు. ఆమె తలెత్తలేదు.

“వదినా.”

“ఊఁ.”

“మంద ఇడిచిపెట్టి నేను రాలేను.”

“తెలుసు.”

“ఇంగా వాన యాడ పడింది. నువ్వు ముందుగా పో. వాకిళ్ళు ఎట్లుండాయో సూడు.”

ఇంతే. తప్పయిందని ఆయన అనలేదు, ఆమె అడగలేదు. చింతగింజలు చేటలోకి ఎత్తి, కొంగు దులుపుకుని, లోపలి వైపు తిరిగి, “నా సంచి యాడ పెట్టినావే?” అంది కూతురితో.

మరుసటి రోజు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. టికెట్టు నన్ను తీయనివ్వలేదు. పుంగనూరులో దిగి ముగ్గుపిండి కొంది, పిండి వేలితో రుద్ది చూసి, మట్టి ఎక్కువ కలిపినారని అంగడతన్ని తిట్టింది. మా ఊరి బస్సు కోసం నిలబడినప్పుడు అడిగింది.

“ఇప్పుడు మాది ఏ జిల్లాప్పా?”

“అదే తేలాలవ్వా.”

“తేలకుంటే?”

ఆమె ముగ్గుపిండి పొట్లం సంచిలో అడుగున పెట్టి, పైన చీర కప్పింది.

సోమవారం పొద్దున నేను రెండు బిందెల నీళ్ళు బండి మీద పెట్టుకుని పల్లెకు పోయాను. అవ్వ అప్పటికే కింది వరసలో పల్లేరు పీకుతోంది. చిమ్మింది, నీళ్ళు కొంచెం కొంచెంగా చిలకరించింది. రెండు వాకిళ్ళు అయ్యేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

“మోకాలు వంగదప్పా. ఆడ కూతురింట్లో కూచోని కూచోని పట్టేసింది. ఆ పై వరస నువ్వు పెట్టు.”

“నాకు ముగ్గు రాదవ్వా.”

“వచ్చేదానికి పెద్ద సదువా? నాలుగు గీతలు గియ్యి. ముగ్గు మాదిరి అగుపడితే సాలు.”

పై వరసకు పోయాను. ఈ యాభై ఏళ్ళలో నేను ముగ్గుపిండి చేత్తో పట్టుకున్నది లేదు. వేళ్ళ మధ్య నుంచి సన్నగా దిగాల్సింది కుప్పగా పడుతోంది. చెరిపి మళ్ళీ గీశాను. చెవి మాత్రం దారి మీదే ఉంది. ఏ బండి చప్పుడైనా గీత మధ్యలో తలెత్తి చూస్తున్నాను. రావాలనీ ఉంది, ఈ పూట రాకపోతే బాగుండుననీ ఉంది. ఇంకా సగం వాకిళ్ళు మిగిలే ఉన్నాయి.

జీపు వచ్చింది. దాని వెనకే మోటారు సైకిళ్ళ మీద మా అన్న, ఊళ్ళోవాళ్ళు ఇంకొందరు. ఆఫీసరమ్మ దిగి, జీపెక్కని ఆ రాళ్ళ దారిని చూసి, చెప్పులు సరిచేసుకుని నడిచే వచ్చింది. అన్న పక్కనే నడుస్తూ చెబుతున్నాడు. “ఎప్పుడో ఖాళీ చేసినారు మేడం. అంతా కంపలే, సూడండి.” నేను ఆ రోజు అన్న మాటలు అవే. నోరు మాత్రం మారింది.

నేను లేచాను. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

“మీరు ఇక్కడ ఉంటారా?” అందామె.

“లేదు మేడం. మాది ఆ ఊరు. ఇక్కడ ఉండేవాళ్ళు మందలతో కుప్పం పోయారు. వాన పడితే వస్తారు. కంప పెట్టిన ఇల్లు మా వైపు ఖాళీ ఇల్లు కాదు.”

“మరి ముందు వచ్చినవాళ్ళకు ఎవరూ లేరని చెప్పిందెవరు?”

అన్న నా వైపే చూస్తున్నాడు. సర్వేయరు కూడా.

“నేనే మేడం. ఆ రోజు ఈ అవ్వ ఇక్కడే ఉంది. ఆమెను మాట్లాడనివ్వకుండా చేసిందీ నేనే.”

“అప్పుడు లేరన్నదీ మీరే, ఇప్పుడు ఉన్నారన్నదీ మీరే. మీ మాట నేనెలా నమ్మాలి?”

“నా మాట వద్దు మేడం. ఆమెను అడగండి.”

అవ్వ కింది వరస నుంచి గోడలు పట్టుకుని వచ్చింది. ఎవరూ ఏమీ అడగకముందే మొదటి తలుపు దగ్గర నిలబడి మొదలుపెట్టింది. ఈ ఇల్లు మా మరిదిది, ఇంత మంది, మంద యాడుండాది. ఈ ఇల్లు ఆయప్ప పెద్ద కొడుకుది, కోడలు నీళ్ళాడింది మొన్న పుష్యమాసంలో. ఈ తలుపు కుడి పక్క కీలు ఊడింది, వస్తూనే వేయించుకోమని చెప్తా. తలుపు తలుపుకూ నడిచింది. ఆఫీసరమ్మ వెంట నడిచింది, సర్వేయరు రాసుకుంటూ నడిచాడు. పై వరసలో నా ముగ్గు దగ్గర అవ్వ ఒక క్షణం ఆగింది.

“ఇది ఈయప్ప పెట్టింది. దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు,” అంది.

ఆఫీసరమ్మ నవ్వింది. కాసేపు గోడ నీడలో నిలబడి, నీళ్ళు అడిగి తాగింది. పోయేటప్పుడు మా అన్న వైపు తిరిగి, దీనికోసం మీ ఊరిని ఎవరూ పుంగనూరుకు పంపరు, ఆ భయం వద్దు అంది. పల్లె సంగతి మాత్రం, “రాసి పంపుతాను. పైన చూస్తారు,” అంది. ఎప్పటిలోగా అని నేను అడిగితే, ఖరారు అయ్యేలోగానే వెళ్ళాలి మరి, అని జీపెక్కింది.

ఇది రాస్తున్న నాటికి పైనుంచి ఏ మాటా రాలేదు. సచివాలయానికి పోయినప్పుడల్లా సర్వేయరు నన్ను చూసి ముందే తల అడ్డంగా ఊపుతున్నాడు. అన్న నాతో మాట్లాడడం లేదు. టీ కొట్లో మాత్రం ఇప్పుడు అవ్వ పేరు రావడం లేదు, నా పేరే వస్తోంది. అది సరైనదే. రోజూ పొద్దున నీళ్ళు తీసుకుని పల్లెకు పోతున్నాను. అవ్వ మోకాలు ఇంకా వంగడం లేదు. కింది వరస ఆమెది, పై వరస నాది.

మొన్న అక్కడ ఉండగానే మరిది ఫోన్ చేశాడు.

“కంపలు అట్లనే ఉండాయా?”

“ఉండాయన్నా.”

“వదిన ముగ్గు పెడతాండాదా?”

“పెడతాండాము.”

ఫోన్లో గొర్రెల అరుపులు వినిపించాయి. “పెడతాండాము అంటే? నువ్వు గూడానా?” ఆయన పక్కకు తిరిగి ఎవరికో చెప్పాడు. మంద దగ్గర వాళ్ళంతా నవ్వుతున్న చప్పుడు వినిపించింది. అందులో ఆ ముప్పై ఏళ్ళవాడు ఉన్నాడో లేదో తెలియలేదు.

“వాన పడితే సూస్తాములే,” అన్నాడు మరిది. వస్తామని అనలేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని ఆకాశం వైపు చూశాను. పుంగనూరు వైపు ఒక చిన్న మబ్బు ఉంది, అది వానమబ్బు కాదు. కింది వరస నుంచి అవ్వ కేక వేసింది, నా కడపటి గడప ఇంకా మిగిలే ఉందని.